సిగరెట్ మానిన మూడో రోజు ఒంట్లో ఏం జరుగుతుంది? నికోటిన్ లెక్క

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. వయసు 34, పన్నెండేళ్ల అలవాటు, రోజుకు 15 సిగరెట్లు. మూడుసార్లు మానితే మూడుసార్లూ మూడో రోజుకే మళ్లీ వెలిగించారు, ఇది మనోబలం లేకపోవడమేనా అని అడిగారు. నికోటిన్ గమ్ రోజుకు మూడు, నాలుగు నమిలినా ఎక్కిళ్లు, వికారం తప్ప ఒరిగిందేమీ లేదు, అయినా నికోటిన్ మానడానికి మళ్లీ నికోటినే తినడమేంటి అన్నారు. మీ నాన్నగారు పొగ ముట్టరు, ఖైనీ ఒక్కటే, కాబట్టి ఆయనకు ఫర్వాలేదు కదా అన్నారు.

మూడింటికీ కీలకం ఒక్కటే. నికోటిన్ ఎంత వెళ్లిందన్నదానికంటే ఎంత వేగంగా మెదడుకు ఎక్కింది, ఎంత వేగంగా దిగిపోయింది అన్నదే వ్యసనాన్ని తయారుచేస్తుంది. మానడమంటే ముందు ఆ వేగాన్ని విరగ్గొట్టడం.

నికోటిన్ పొగాకు మొక్క వేళ్లలో తయారై ఆకుల్లోకి చేరే ఆల్కలాయిడ్. పురుగులు ఆకు తినకుండా మొక్క ఏర్పాటు చేసుకున్న విషం అది. ఒకప్పుడు పొగాకు కషాయాన్ని చేలల్లో పురుగుమందుగా కొట్టింది అందుకే. రసాయనంగా చూస్తే బలహీనమైన క్షారం. ఆమ్ల గుణం ఉన్న చోట విద్యుదావేశం పట్టుకుని ఉంటుంది, శరీరపు పొరలు దాటలేదు. క్షార గుణం ఉన్న చోట ఆ ఆవేశం వదిలేసి పొరల గుండా సులువుగా జారిపోతుంది. మన దగ్గర పొగాకు వాడే పద్ధతులన్నీ ఈ సూత్రం చుట్టూనే తిరుగుతాయి, వాడేవాళ్లకు తెలిసినా తెలియకపోయినా.

ప్రకాశం జిల్లా బ్యారన్లలో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో, వేడితో క్యూరింగ్ చేసే (ఆరబెట్టి పదునుచేసే) వర్జీనియా ఆకులో చక్కెరలు మిగిలిపోతాయి. అందుకే దాని పొగ కాస్త ఆమ్లంగా, పీహెచ్ 6 దరిదాపుల్లో ఉంటుంది (పీహెచ్ 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం). నోట్లో పట్టి వదిలేస్తే నికోటిన్ పెద్దగా ఎక్కదు. కానీ గొంతు మండదు కాబట్టి లోపలికంటా లాగొచ్చు. ఊపిరితిత్తుల్లో పీహెచ్ 7.4, పైగా గాలిగదులన్నీ పరిస్తే పదుల చదరపు మీటర్ల వైశాల్యం. అక్కడ క్షణాల్లో రక్తంలో కలిసిపోతుంది. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకు సంగతి వేరు. ఆరబెట్టి మగ్గబెట్టిన ఆ ఆకు పొగ క్షారం వైపు ఉంటుంది. గొంతుకు ఘాటు, లోపలికి లాగలేరు, లాగక్కర్లేదు కూడా. నోటి పొరల నుంచే ఎక్కేస్తుంది. ‘మేం పొగ మింగం’ అని చుట్ట తాగేవాళ్లు చెప్పేది నిజమే, అందువల్ల నికోటిన్ అందదనుకోవడమే పొరపాటు. బీడీలో పొగాకు సిగరెట్‌లో కంటే చాలా తక్కువ. అయితే తునికాకు గాలి చొరనివ్వదు, మాటిమాటికీ ఆరిపోతుంటుంది, దాంతో గట్టిగా, తరచుగా లాగాల్సి వస్తుంది. చివరికి చేరే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు ఏమీ తీసిపోవు.

ఇక ఖైనీ. అరచేతిలో ఆకు వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపి, చరిచి దుమ్ము దులిపి, కింది పెదవికీ చిగురుకూ మధ్య దూరుస్తారు. ఆ సున్నం రుచికోసం కాదు. పీహెచ్ పెంచి, ఆకులోని నికోటిన్‌ను పొర దాటే రూపంలోకి మార్చేది అదే. సున్నం లేకుండా అదే ఆకు పెట్టుకుంటే సగం కిక్కు కూడా రాదని వేసుకునేవాళ్లే చెబుతారు. పైగా సున్నం పొరను కోసేస్తుంది, నికోటిన్‌కు, దాని వెంట వచ్చే విషాలకు దారి ఇంకా సులువవుతుంది. నాన్నగారి సంగతికి మళ్లీ వస్తాను.

సిగరెట్ ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో చూద్దాం. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఊపిరితిత్తుల నుంచి రక్తం నేరుగా గుండె ఎడమ భాగానికి, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది కాబట్టి చేతి సిరకు ఇచ్చిన ఇంజెక్షన్ కన్నా ముందే పనిచేస్తుంది. ఒక సిగరెట్‌లో 10 నుంచి 14 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నా ఒంటికి పట్టేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములే, మిగతాది కాలిపోతుంది, గాల్లో కలుస్తుంది. ఆ కాస్తా పది దమ్ముల్లో, పది వేర్వేరు కుదుపులుగా వస్తుంది. మీ 15 సిగరెట్లకు రోజుకు 150 కుదుపులు, ఏడాదికి యాభై వేల పైచిలుకు. ‘ఈ పని చేశావు, వెంటనే ఈ ఫలితం వచ్చింది’ అన్న పాఠాన్ని మెదడుకు ఇన్నిసార్లు చెప్పే మాదకద్రవ్యం ఇంకోటి లేదు. హెరాయిన్ తీసుకునేవాడు కూడా సాధారణంగా రోజుకు కొన్నిసార్లే తీసుకుంటాడు.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం కోసం గ్రాహకాలు, అంటే అది వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. నికోటిన్ అచ్చం దానిలాగే అక్కడ అతుక్కుంటుంది. వీటిలో ఆల్ఫా4 బీటా2 అనే రకం వ్యసనానికి ముఖ్యం. అవి తెరుచుకుంటే న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట డోపమిన్ విడుదలవుతుంది. డోపమిన్ అంటే ఆనందం అని పత్రికల్లో రాసేస్తుంటారు. ‘ఇది ముఖ్యం, మళ్లీ చెయ్యి, దీనికి ముందు ఏం జరిగిందో గుర్తుపెట్టుకో’ అని మెదడు వేసుకునే ముద్ర అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. అందుకే టీ గ్లాసు, భోజనం చివర పెరుగన్నం, బైక్ స్టాండ్ వేసిన చప్పుడు, ఆఫీసు ఫోన్ పెట్టేసిన క్షణం, ఇవన్నీ సిగరెట్‌కు గుర్తులైపోతాయి. రసాయనం వారంలో పోయినా ఈ గుర్తులు నెలల తరబడి ఉంటాయి.

నికోటిన్ అతుక్కున్న గ్రాహకం కాసేపటికి మొద్దుబారిపోతుంది. ఒక్క సిగరెట్‌తోనే ఈ రకం గ్రాహకాల్లో ఎక్కువ భాగం నిండిపోతాయి. రోజంతా ఇలా నిండి ఉండేసరికి మెదడు ఆ లోటు పూడ్చుకోవడానికి కొత్తవి పుట్టిస్తుంది. కొన్నేళ్లు తాగినవాళ్ల మెదడులో ఇవి మామూలువాళ్ల కన్నా గణనీయంగా ఎక్కువ. ఇప్పుడు రక్తంలో నికోటిన్ దిగిపోతే ఏమవుతుంది? ఆ అదనపు గ్రాహకాలన్నీ ఒకేసారి మేల్కొని ఖాళీగా ఉంటాయి. చిరాకు, అసహనం, దేనిమీదా గురి కుదరకపోవడం, అన్నీ అక్కడి నుంచి వచ్చేవే.

దిగడం లెక్క కూడా చూడండి. రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు. రాత్రి 11కి చివరి సిగరెట్ ఆర్పి ఉదయం 6కి లేస్తే ఏడు గంటలు, అంటే మూడున్నర సార్లు సగమైంది. పడుకునేటప్పుడు ఉన్నదాంట్లో పదో వంతు కూడా మిగలదు. రోజులో అన్నిటికంటే మొదటి సిగరెట్టే ‘బాగుండేది’ ఇందుకే. ఎంత గట్టిగా పట్టుకుందో తెలుసుకోవాలంటే రోజుకు ఎన్ని తాగుతున్నారని అడగడం కన్నా లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నారని అడగడం మేలు. అయిదు నిమిషాల్లోపు అయితే చాలా గట్టి పట్టు, అరగంటలోపు అయితే గట్టిదే, గంట దాటితే తేలిక.

‘టెన్షన్ తగ్గడానికి తాగుతున్నా’ అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. నికోటిన్ అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. గుండె వేగం నిమిషానికి 10 నుంచి 15 సార్లు పెరుగుతుంది, రక్తపోటు కొన్ని పాయింట్లు ఎగబాకుతుంది, చర్మంలోని, గుండెలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇది శాంతపరిచే మందు పని కాదు. మరి ప్రాణం కుదుటపడ్డట్టు ఎందుకుంటుంది? గంట క్రితం తాగిన సిగరెట్ దిగిపోవడం వల్ల పుట్టిన చిరాకును ఈ సిగరెట్ చల్లార్చింది, అంతే. పొగ తాగనివాడికి ఆ చిరాకే లేదు.

పొగలో ఇంకో కిటుకుంది. డోపమిన్‌ను విరగ్గొట్టే మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పొగలోని వేరే పదార్థాలు అణిచేస్తాయి. దాంతో నికోటిన్ పుట్టించిన డోపమిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. విడిగా నికోటిన్‌కు ఈ బలం లేదు. గమ్‌కు, చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్‌కు కొత్తగా బానిసలయ్యేవాళ్లు అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం. అసలు కారణం వేగం. ప్యాచ్‌తో రక్తంలో స్థాయి నిండడానికి గంటలు, గమ్‌తో 20 నుంచి 30 నిమిషాలు. కుదుపు లేదు కాబట్టి ముద్ర పడదు. నికోటిన్ మానడానికి నికోటినే ఎందుకు అన్న మీ ప్రశ్నకు సమాధానం ఇది: మేల్కొన్న గ్రాహకాలకు కొంచెం మేత పడుతుంది, చిరాకు తగ్గుతుంది, ఆ లోపు టీ గ్లాసుకూ సిగరెట్‌కూ ఉన్న ముడి ఊడిపోతుంది.

నికోటిన్‌కు లేని నేరాలు అంటగట్టక్కర్లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా తారు, పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్‌లు. రక్తంలో ఆక్సిజన్ కుర్చీ లాక్కునేది కార్బన్ మోనాక్సైడ్. సిగరెట్ పొగలో ఏడు వేల రసాయనాల దాకా ఉంటే వాటిలో సుమారు డెబ్భై క్యాన్సర్ కారకాలు. నికోటిన్ మనిషిని ఆ పొగ దగ్గరికి రోజూ లాక్కెళ్తుంది. అలాగని అమాయకురాలూ కాదు. గర్భిణుల్లో మావి దాటి బిడ్డకు చేరుతుంది, పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయనివ్వదు. షుగర్ ఉన్నవాళ్లు మానేశాక మందుల మోతాదు మార్చాల్సి రావొచ్చు, కొలతలు తరచుగా చూసుకోవాలి.

మీ మూడో రోజు సంగతికొద్దాం. ఆఖరి సిగరెట్ తర్వాత నాలుగు గంటల నుంచే లక్షణాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు శిఖరానికి చేరతాయి. తర్వాత మెల్లగా దిగి రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతాయి. ఆకలి మాత్రం ఇంకా కొన్ని వారాలు సాగుతుంది. అంటే మీరు మూడుసార్లూ సరిగ్గా శిఖరం మీద నిలబడి వెనక్కి దిగారు. దీనికి మనోబలం లేకపోవడం అని పేరు పెట్టడం నాకు నచ్చదు. ఏ మందూ లేకుండా ఒట్టి పట్టుదలతో మానినవాళ్లలో ఏడాది నిలిచేవాళ్లు నూటికి అయిదుగురికి అటూ ఇటూనే. మిగతా తొంభై అయిదుగురూ బలహీనులంటే ఎలా?

ఆ మూడు రోజుల్ని ఇంకా దుర్భరం చేసేవి రెండున్నాయి, వీటి గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు. మొదటిది కాఫీ, టీ. పొగలోని పదార్థాలు (నికోటిన్ కాదు) లివర్‌లో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. కెఫీన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. పొగ ఆగిన కొన్ని రోజుల్లో అది మామూలు వేగానికి వస్తుంది. మీరు తాగే కాఫీ అంతే, రక్తంలో కెఫీన్ మాత్రం దాదాపు రెట్టింపు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు వస్తాయి. సిగరెట్ లేకనే ఇలా ఉంది అనుకుని వెలిగించేస్తారు. మానే రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి, మధ్యాహ్నం మూడు తర్వాత అసలే వద్దు. ఇదే ఎంజైము విరగ్గొట్టే మందులు వాడేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్, మానసిక వైద్యంలో వాడే క్లోజపైన్, ఒలాంజపైన్ ముఖ్యమైనవి. మోతాదు అలాగే ఉంచి పొగ ఆపేస్తే రక్తంలో మందు పెరిగి ఇబ్బంది పెట్టొచ్చు.

రెండోది ఉదయం బాత్రూమ్. సిగరెట్ వెలిగిస్తేనే కదలిక వస్తుందనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అది భ్రమ కాదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది. మానేశాక మొదటి రెండు వారాలు మలబద్ధకం మామూలే. నాలుగో రోజు పొట్ట బిగుసుకుపోయి ‘ఒక్కటి తాగితే సరిపోతుంది’ అనిపించడం దగ్గరే చాలామంది జారిపోతారు. మానే రోజుకు రెండు రోజుల ముందు నుంచే రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ గ్లాసుడు నీళ్లలో కలుపుకుని తాగండి, ఉదయం రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. జామకాయ, ఆకుకూర, రోజంతా నీళ్లు. అలవాటైన సమయానికి పది నిమిషాలు ఊరికే కూర్చోండి, పేగు కొత్త వేళ నేర్చుకుంటుంది.

దగ్గు కొన్ని వారాలు పెరగొచ్చు. శ్వాసనాళాల్లో చచ్చుబడ్డ సన్నని నూగు మళ్లీ పనిచేసి కఫాన్ని పైకి తోస్తుంది కాబట్టి వస్తుంది. మొదటి ఏడాది సగటున 4, 5 కిలోలు బరువు పెరుగుతారు. దానికి జంకి వాయిదా వేయొద్దు.

గమ్ మీకు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు లెక్క వేయొచ్చు. 15 సిగరెట్ల ద్వారా మీ ఒంటికి పడుతున్నది రోజుకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు. 2 మిల్లీగ్రాముల గమ్ నుంచి సరిగ్గా వాడితే ఎక్కేది దాదాపు 1 మిల్లీగ్రాము. రోజుకు నాలుగు నమిలారు, నాలుగు మిల్లీగ్రాములు. అయిదో వంతు మేత వేసి ఆకలి తీరలేదంటే ఎలా? పైగా మామూలు చూయింగ్ గమ్‌లా చకచకా నమిలారు. నికోటిన్ ఒక్కసారిగా లాలాజలంలోకి దిగింది, మింగారు, కడుపులోకి పోయింది. కడుపు నుంచి వెళ్లినది లివర్ దగ్గరే ఎక్కువగా విరిగిపోతుంది, మెదడుకు చేరేది తక్కువ, కడుపును గెలికేది ఎక్కువ. మీ ఎక్కిళ్లు, వికారం, గుండెల్లో మంట అక్కడివే.

సరైన పద్ధతి ఇలా. గమ్‌ను నెమ్మదిగా, మిరియం ఘాటులాంటిది లేదా చుర్రుమనడం తెలిసేదాకా నమలండి, సాధారణంగా పది పదిహేను నములుళ్లు. ఘాటు తెలియగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టేయండి. ఘాటు తగ్గాక, ఒక నిమిషానికో కాస్త ఎక్కువకో, మళ్లీ రెండు మూడుసార్లు నమిలి ఈసారి అవతలి బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. లాలాజలం వీలైనంత మింగకండి. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కూల్ డ్రింక్, నిమ్మరసం, పండ్లరసం, మజ్జిగ వద్దు. నోరు ఆమ్లంగా మారితే నికోటిన్ ఆవేశం పట్టుకుని పొర దాటదు. ఖైనీలో సున్నం చేసే పనిని గమ్‌లో కలిపిన సోడియం లవణాలు చేస్తాయి, మీరు నిమ్మసోడా తాగితే ఆ పని చెడిపోతుంది. టీతో పాటు గమ్ నమిలి ‘ఇది ఒట్టి డబ్బు దండగ’ అనేవాళ్లు మన దగ్గర చాలామంది.

మోతాదు: లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, అంటే రోజుకు కనీసం తొమ్మిది. కోరిక పుట్టాక వెతుక్కోవడం కాదు, వేళకు వేసుకోవడం. ఏడో వారం నుంచి రెండు నుంచి నాలుగు గంటలకొకటి, పదో వారం నుంచి నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి, పన్నెండు వారాలకు ఆపేయాలి. రోజుకు 24 దాటకూడదు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు.

మీ స్థాయికి గమ్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ప్యాచ్, గమ్ కలిపి వాడితే విడివిడిగా వాడినదానికంటే బాగా పనిచేస్తాయని పరీక్షలు గట్టిగానే చెబుతున్నాయి. ప్యాచ్ రోజంతా ఒకే మట్టాన నికోటిన్ అందిస్తుంది, హఠాత్తుగా లేచే కోరికకు గమ్. రోజుకు పదికి మించి తాగేవాళ్లకు 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. రోజూ ఒకే వేళకు, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, భుజం పైభాగాన లేదా ఛాతీ మీద అంటించి పది సెకన్లు అరచేత్తో అదమండి. మన వేసవిలో చెమటకు ఊడిపోవడం పెద్ద తలనొప్పి. స్నానం చేసి, నూనె, పౌడర్ రాయకుండా, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాక అంటించాలి. మర్నాడు చోటు మార్చాలి, లేకపోతే దద్దుర్లు. వింత కలలు వచ్చి నిద్ర చెడితే రాత్రి తీసేయొచ్చు. చర్మం నుంచి నికోటిన్ నిజంగా ఎక్కుతుందా అనే అనుమానం ఉంటే పొగాకు చేలల్లో మంచుకు తడిసిన ఆకు కోసేవాళ్లను అడగండి. చేతి తొడుగుల్లేకుండా తడి ఆకు మోసినవాళ్లకు సాయంత్రానికి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. అది నికోటిన్ విషమే.

మాత్రల్లో వరెనిక్లిన్ అన్నిటికంటే బలమైనది. అదే ఆల్ఫా4 బీటా2 గ్రాహకం మీద కూర్చుని దాన్ని సగమే తెరుస్తుంది, నికోటిన్ వచ్చినా చోటివ్వదు. అందుకే ఈ మాత్ర వాడుతూ సిగరెట్ తాగితే చప్పగా ఉంటుంది. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టాలి: మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాము రోజుకొకసారి, తర్వాత నాలుగు రోజులు అదే రోజుకు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుసార్లు, మొత్తం 12 వారాలు. వికారం చాలామందికి వస్తుంది, భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే తగ్గుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. బుప్రోపియాన్ ఇంకో మందు, మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే అసలు వాడకూడదు. రెండూ డాక్టరు చీటీతోనే. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ బాగా తప్పేవాళ్లు, గర్భిణులు గమ్, ప్యాచ్‌లు కూడా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

‘లైట్’ సిగరెట్‌కు మారడం, రోజుకు అయిదుకు తగ్గించడం లాంటి మధ్యే మార్గాలు అడుగుతారని తెలుసు. ఫిల్టర్ చుట్టూ ఉండే సన్నని రంధ్రాల వల్ల లైట్ సిగరెట్ యంత్రం కొలతలో తక్కువ చూపిస్తుంది. మనిషి ఆ రంధ్రాల్ని వేళ్లతో, పెదవులతో మూసేసి గట్టిగా లాగి తనకు కావలసినంత తీసుకుంటాడు. పదిహేను నుంచి అయిదుకు తగ్గించినా ఒక్కోదాని నుంచి ఎక్కువ పిండుకుంటాడు. రోజుకు ఒక్కటే తాగినా, పాకెట్ తాగేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో సగం దాకా ఆ ఒక్కదానితోనే వస్తుంది. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం, దొంగచాటున దొరికేదాంట్లో ఎంత నికోటిన్ ఉందో డబ్బా మీది అంకెను నమ్మలేం.

మందులతో పాటు చేతికి పని కావాలి. కోరిక అల ఒక్కోటి మూడు నుంచి అయిదు నిమిషాలు, తాగినా తాగకపోయినా దిగుతుంది. ఆ అయిదు నిమిషాలకు ముందే ఏర్పాటు ఉండాలి: జేబులో యాలకులో లవంగమో, ఒక గ్లాసు నీళ్లు, మెట్లు దిగి ఎక్కడం. మొదటి రెండు వారాలు కిళ్లీ కొట్టు ఉన్న దారి మార్చండి. విడి సిగరెట్ కొనే అలవాటు ఉంటే జేబులో చిల్లర ఉంచకండి. మొదటి నెల మందు పార్టీలకు దూరం. మానినవాళ్లలో చాలామంది తిరిగి మొదలుపెట్టేది పెగ్గు దగ్గరే. ఒకటి తాగేశారే అనుకోండి, ప్యాచ్ పీకేయొద్దు, గమ్ ఆపొద్దు, తేదీ మార్చొద్దు. పాకెట్ కొన్నారా లేదా అన్నదే ముఖ్యం. 1800-11-2356 అనే ఉచిత నంబరు సిగరెట్ పెట్టెల మీద ముద్రించి ఉంటుంది. తెలుగులోనూ మాట్లాడతారు, మళ్లీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఇప్పుడు నాన్నగారి ఖైనీ. పొగ లేదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, తారు లేవు, ఊపిరితిత్తులకు ఆ మేరకు మేలు. నికోటిన్ మాత్రం తక్కువ కాదు. అరగంట నోట్లో ఉంచితే సిగరెట్ ఇచ్చినంత, కొన్నిసార్లు అంతకు మించి ఎక్కుతుంది, తీసేశాక కూడా పొరలో మిగిలింది దిగుతూనే ఉంటుంది. కుదుపు చిన్నది, కానీ స్థాయి రోజంతా ఎత్తుగా ఉంటుంది. కాబట్టి గుండె వేగం, రక్తపోటు లెక్కలో ఆయనకు మినహాయింపు లేదు. బీపీ మందు వేసుకుంటూ ఖైనీ నములుతుంటే ఆ మందు పనికి అడ్డుపడుతున్నట్టే. అన్నిటికంటే ముఖ్యం, నైట్రోసమైన్‌లు ఒకే చోట, రోజూ, సున్నం ఒరిపిడితో కలిసి చిగురును తాకుతుంటాయి. నోటి క్యాన్సర్‌కు అంత దగ్గరి దారి ఇంకోటి లేదు. (ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి తాగే అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ కూడా ఇలాంటిదే, వేడి, పొగ ఒకే చోట తగలడం వల్ల.)

ఆయనకు గమ్ కన్నా ప్యాచ్ సులువు. పళ్లు కదిలినా, నోరు పుండ్లతో ఉన్నా గమ్ నమలలేరు. ఖైనీలో ఉండే చుర్రుమనే అనుభూతి పోతే వెలితిగా ఉంటుంది. సోంపు, దాల్చినచెక్క ముక్క, కాస్త అల్లం బుగ్గన పెట్టుకోమనండి. వక్క, పాన్ మసాలా మాత్రం ప్రత్యామ్నాయంగా ఇవ్వకండి. వక్కలో ఉండే ఆరెకోలిన్ తనంతట తానే అలవాటు చేసే పదార్థం, నోటి పొరల్ని బిగుసుకుపోయేలా చేసేది కూడా అదే. ఖైనీ మానలేని రోజుల్లో కనీసం పడుకునేటప్పుడు నోట్లో ఉంచుకునే అలవాటు ముందు ఆపించండి.

ఈ ఆదివారం ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి నోరు చూడండి. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయా? కింది పెదవిని లాగి, ఖైనీ పెట్టే చోట తెల్లగా ముడతలు పడి ఉందా, గోకినా పోని తెల్ల మచ్చ ఉందా, ఎర్రటి మచ్చ ఉందా, నొప్పి లేని గట్టి పుండు ఉందా చూడండి. మెడ కింద గడ్డ తగులుతుందేమో వేళ్లతో నొక్కండి. మచ్చగానీ పుండుగానీ రెండు వారాలు దాటి ఉంటే, నొప్పి లేదని ఊరుకోకుండా, దంతవైద్యుడి దగ్గరికో ప్రభుత్వ డెంటల్ కాలేజీకో తీసుకెళ్లండి. మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బు తీరు. ఎర్ర మచ్చ కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు.